తీతువు కూయని చోటు

గుట్ట కింద రాళ్ళబీడులో తిప్పయ్య అనే తీతువు కాపురం ఉండేవాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత ఎవర్ని చూసి పుట్టిందో గానీ, తనను చూసే పుట్టిందని తిప్పయ్య నమ్మకం. నమ్మకాలకు అతని దగ్గర కొదవ లేదు. ఆకాశం ఏ క్షణాన్నైనా ఊడి కిందపడుతుందనీ, అది పడకుండా తానే కాపు కాస్తున్నాననీ ఇంకో నమ్మకం. అందుకే పడుకునేటప్పుడు రెండు కాళ్ళూ పైకెత్తి పడుకునేవాడు. తెల్లారి లేచి చూస్తే ఆకాశం ఎక్కడిదక్కడే ఉండేది.

"చూసినావా మే?" అనేవాడు పెళ్ళాం ఓబుళమ్మతో.

"చూసినాలే. ఇంక కాళ్ళు దించి, పోయి రెండు పురుగులు పట్టుకరా," అనేది ఓబుళమ్మ.

ఆ ఏడు ఓబుళమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. పోయినేడు పెట్టిన గుడ్లు వానకు కొట్టుకుపోయాయి కాబట్టి ఈ నాలుగూ ఆ ఇంటికి ప్రాణం. తీతువులకు గూడు కట్టడం రాదు. గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చూసుకుని అందులోనే గుడ్లు పెట్టేస్తారు. గుడ్డుది రాయి రంగు, రాయిది గుడ్డు రంగు, పక్కనే నిలబడినా కనపడవు. మిగిలిన కాపలా అంతా గొంతుది. తిప్పయ్య తాతముత్తాతల నాటినుంచీ వస్తున్న కట్టుబాటు ఒకటుంది: గుడ్లున్న చోట నోరు మూసుకోవాలి, గుడ్లు లేనిచోట గొంతు చించుకోవాలి. కుక్క వచ్చినా పాము వచ్చినా తిప్పయ్య దూరంగా ఎగిరిపోయి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, ప్రాణం పోతున్నట్టు కూసేవాడు. వచ్చినవాళ్ళు ఆ కూత వెంట పరుగెత్తేవాళ్ళు. బీడు నడుమ విరిగిన హద్దురాయి పక్కన గుడ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు పడి ఉండేవి.

ఇలా రోజులు గడుస్తుండగా ఆ బీడు మీద గురప్ప కన్ను పడింది.

గురప్ప గుంటనక్క. బీడుకు ఆ చివర సెల్‌టవరు కింద అతని బొరియ. టవరు కాపలా మనిషి పొద్దస్తమానం చేతిలో ఒక పలక పెట్టుకుని దానితో మాట్లాడటం, నవ్వడం, కోప్పడటం, దాన్నే చూస్తూ అన్నం చల్లార్చుకోవడం గురప్ప చాలాకాలంగా గమనిస్తున్నాడు. ఒకనాడు ఆ మనిషి ఎవరితోనో 'చెప్పులు తెగిపోయినాయి' అన్నాడు. మరునాటికల్లా ఆ పలక నిండా చెప్పులే. మనిషి మురిసిపోయాడు. గురప్ప మాత్రం మురిసిపోలేదు, ఆలోచించాడు. ఎవరూ అడక్కుండానే ఈయన అన్నీ చెప్పేస్తున్నాడు, వింటున్నది ఎవరో కూడా చూడటం లేదు, పైగా ఆ పలకకు రోజూ తనే మేత పెట్టి నిద్రలేపుతున్నాడు. కాలు కదపకుండా చేసే వేట అంటే ఇదే గదా అనుకున్నాడు.

మరునాడు బీడులోని వాళ్ళందరినీ తుమ్మచెట్టు కింద పోగేశాడు. ఆ చెట్టు నీడ ఎప్పుడూ సుంకన్నది. సుంకన్న ముసలెద్దు. రైతు వదిలేస్తే ఆ బీడులోనే మేసుకుంటున్నాడు. ఎవరేమన్నా పట్టించుకోడు గానీ, తోక ముట్టుకుంటే మాత్రం ఓర్చుకోడు. వయసులో ఉండగా ఎక్కుడు దారిలో బండివాడు తోక మెలిపెట్టి తోలేవాడు. బండి పోయింది, బండివాడు పోయాడు, తోకలో మంట మాత్రం పోలేదు. అతని పక్కన పిల్లల్ని వెంటేసుకుని మద్దమ్మ అనే కుందేలు కూర్చుంది. అందరికంటే ముందు వరసలో తిప్పయ్య.

"ఇన్నాళ్ళూ మీరంతా గొంతులు అరగదీసుకుంటాండారు," అని మొదలుపెట్టాడు గురప్ప. "ఈడ అరిస్తే ఆ గట్టుదాకా వినపడదు. ఇంకమీద ఆ తిప్పలు లేవు. ఇదో, ఈ గోరింకల్ని మాట్లాడి పెట్టినా. పొదకొకటి, రాతికొకటి కూర్చుంటాయి. మీరు ఒక్క కూత కూస్తే చాలు, నోటికి నోరు అందుకుని బీడు కొసదాకా మోసుకపోతాయి."

"ఏమిచ్చుకోవాల మామా?" అన్నాడు తిప్పయ్య.

"ఏమీ ఇయ్యొద్దు అల్లుడూ. ఊరికే."

అప్పనంగా వస్తే నాకొకటి మా అన్నకొకటి అన్నట్టు తిప్పయ్య మెడ ముందుకు సాగింది. సుంకన్న మాత్రం నెమరు ఆపి అడిగాడు.

"ఊరికే అంటాండావు సరే గురప్పా. నీకేం లాభం?"

"మీరు చల్లంగుంటే చాలు సుంకన్నా. దాంతోనే నా కడుపు నిండుతాది."

"అది మాత్రం నమ్ముతా," అన్నాడు సుంకన్న. "నీ కడుపు నిండే మాటైతే నిజమే అయ్యుంటాది."

గురప్ప ఆ మాట విననట్టే నవ్వి, "ఒక చిన్న పద్ధతి ఉండాది. గోరింక చెప్తాది, మీరు ఊఁ అంటే అయిపోయె," అన్నాడు.

గోరింక గొంతు సవరించుకుని ఊపిరి తీయకుండా అందుకుంది. "ఇందుమూలంగా బీడువాసులకు తెలియజేయునదేమనగా, తమ కూత, తమ కూత వెనక కూత, కూయబోయిన కూత, కూయక మింగిన కూత, కూసిన చోటు, కూసినప్పుడు మొహం తిరిగిన దిక్కు, కూసిన పిమ్మట ఎగిరిన దారి, ఇవన్నియు మొదట టవరు కింది బొరియ వద్ద ఆగి, అచ్చట వినవలసినవారు విని, వినిన తరువాత వారికి తోచిన విధముగా..."

మద్దమ్మ ఆవలించింది. పిల్లలు నిద్రపోయారు. గోరింక చెబుతూనే ఉంది. తుమ్మచెట్టు నీడ ఇటునుంచి అటు జరిగింది, గోరింక ఇంకా చెబుతూనే ఉంది.

"యాడ ఆగుతాయంటివి?" అని అడగబోయాడు సుంకన్న.

"మధ్యలో అడిగితే మళ్ళా మొదట్నుంచి చెప్పాల," అంది గోరింక.

"వద్దు తల్లీ, వద్దు!" అని అందరూ ఒక్కసారే అరిచారు. "ఊఁ" అన్నాడు తిప్పయ్య, అందరికంటే ముందు. అతని ఊఁ వెనకే మిగతా ఊఁలన్నీ వరసగా వచ్చాయి. సుంకన్న ఒక్కడే ఏమీ అనకుండా నెమరు వేస్తూ ఉండిపోయాడు. గురప్ప ఆ నెమరును కూడా ఊఁ కిందే జమకట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఓబుళమ్మ అడిగింది. "ఏమయ్యా, మన కూత పోయి ఆ నక్క దగ్గర ఆగేది ఏంటికి?"

"ఆగితే ఏమే? మన దగ్గర దాచుకునేది ఏముండాది? నేనేమన్నా దొంగనా?"

"గుడ్లుండాయి."

"గుడ్లు యాడుండాయో నేను చెప్తానా? ఎవురితో మాట్లాడతాండావు నువ్వు? ఆకాశం మోసేవాణ్ణి, నాలుగు గుడ్ల గుట్టు మోయలేనా?"

"నువ్వు మోస్తాండావని ఆకాశానికి తెల్దు గాబట్టి సరిపోయింది," అంది ఓబుళమ్మ. "నక్కకు నీ సంగతి బాగా తెలుసు."

తిప్పయ్య ఆ మాట చెవిన పెట్టలేదు. అప్పటికే అతను మొదటి కూతకు గొంతు సర్దుకుంటున్నాడు.

కాలువ గట్టున కొవ్విన వానపాము దొరికిందన్నది ఆ మొదటి కూత. కాసేపటికి గోరింక తిరిగొచ్చి, "శెభాష్‌లు వచ్చినాయి తిప్పయ్యా," అంది.

"ఎవురు పంపినారు?"

"అది మాకు తెల్దు. వచ్చినాయంతే."

వాటిలో సగానికి సగం టవరు కింది బొరియలోంచే వచ్చాయి. ఆ సంగతి తిప్పయ్యకు తెలియదు. తెలిసినా పెద్దగా బాధపడేవాడు కాడేమో, శెభాష్ ఎక్కడినుంచి వచ్చినా శెభాషే గదా. ఆ రోజునుంచి అతను నీళ్ళు తాగితే కూశాడు, తాగకపోతే దాహంగా ఉందని కూశాడు. మబ్బు పడితే కూశాడు, మబ్బు పోతే పోయిందని కూశాడు. ఒకనాడు ఏమీ తోచక, 'ఈ పొద్దు నాకేమీ తోచలేదు' అని కూశాడు. దానికీ శెభాష్‌లు వచ్చాయి. మిడతలంటే ఇష్టమని ఒకసారి కూశాడో లేదో, తెల్లారేసరికి గోరింక వచ్చి, "చింతతోపు అంచున మిడతలు దిగినాయంట," అని చెవిలో వేసింది. తిప్పయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నా మనసులో మాట నాకంటే ముందు తెలిసిపోతాంది మే! కన్నతండ్రి కూడా ఇంత కనిపెట్టుకోలేదు నన్ను," అన్నాడు. ఇది చదివి మనం నవ్వొచ్చు, చేతిలో పలక పక్కన పెట్టి మరీ నవ్వొచ్చు.

ఒక్కటి మాత్రం నిజం. ఇంత కూసినా, హద్దురాయి దగ్గరికి రాగానే తిప్పయ్య నోరు ఠక్కున మూసేవాడు. చప్పుడు లేకుండా చుట్టు తిరిగి గుడ్ల దగ్గరికి చేరేవాడు. కట్టుబాటు తప్పిన పాపాన ఒక్కనాడూ పోలేదు. 'గుట్టంటే ఇట్ల దాయాల' అని తనకు తానే ఒక శెభాష్ వేసుకునేవాడు కూడా.

ఒక మధ్యాహ్నం మద్దమ్మ పిల్లలు మేస్తుండగా పైన గద్ద నీడ తిరిగింది. మద్దమ్మ పొదమీది గోరింకను చూసి కేక పెట్టింది. "గద్ద! నా పిల్లోడు ఆ చివర ఉండాడు, బిరీన చెప్పు తల్లీ!"

"కొంచెం ఆగమ్మా," అంది గోరింక. "తిప్పయ్య కూత పోతాండాది."

"ఏందా కూత?"

"ఎండలో ఒంటికాలి మీద నిలబడితే ఎంత హాయిగా ఉంటాదో చెప్తాండాడు."

"గద్ద వస్తాండాది అంటాంటే!"

"నువ్వు కూసి ఎన్నాళ్ళయింది? రోజూ కూసేవాళ్ళకు ముందు దారి. మామ పెట్టిన పద్ధతి అది. నువ్వు ఊఁ అన్లా?"

పిల్లవాడు ఎలాగో పొదలోకి దూరి బతికాడు గానీ, ఒక చెవి సగం గద్ద కాళ్ళలోనే ఉండిపోయింది.

తిప్పయ్యకు ఈ సంగతి తెలిసి నిజంగానే బాధ కలిగింది. ఆ పూట పురుగు ముట్టలేదు. తర్వాత ఆ బాధనంతా కూడగట్టుకుని, 'మద్దమ్మ పిల్లోడి చెవి చూసి నా గుండె చెరువయింది' అని ఒక పెద్ద కూత కూశాడు. అంతకుముందు ఎన్నడూ రానన్ని శెభాష్‌లు వచ్చాయి. దాంతో తిప్పయ్య దుఃఖం చాలావరకు చల్లారింది. పిల్లవాడి చెవి మాత్రం తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం సుంకన్న ఎదురుపడ్డాడు. "ఎద్దుపుండు కాకికి రుచి అని మావాళ్ళు అంటారు తిప్పయ్యా. కుందేలు చెవి తీతువుకు రుచి అని ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

తిప్పయ్య మొహం మాడిపోయింది. ఆ మాట కూడా కూద్దామా అనుకున్నాడు. ఎందుకో సిగ్గేసి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున గోరింక వచ్చింది. "బీడు మొత్తం మీద నీయంత కూసినోడు లేడంట. మామ నీకు సన్మానం చేస్తానంటాండాడు. ఎండ నడినెత్తికొచ్చే పొద్దుకు టవరు కాడికి రావాల. ఒక్కడివే."

"ఒక్కడివే ఏంటికి?" అంది ఓబుళమ్మ, గుడ్ల మీదనుంచి కదలకుండానే.

"సన్మానం నాకు గాబట్టి," అన్నాడు తిప్పయ్య, రెక్కలు దువ్వుకుంటూ.

"గుడ్లు పగిలే రోజులు దగ్గరికొచ్చినాయయ్యా. లోపల కదలిక తెలుస్తాంది. ఈ పొద్దు యాడికీ పోవద్దు."

"పోయినట్టే పోయి వచ్చేస్తా. పిల్లోళ్ళు పుట్టేసరికి వాళ్ళ నాయన సన్మానం పొందినోడు అయ్యుంటాడు. మంచిది గదా?"

ఓబుళమ్మ జవాబు చెప్పలేదు. తిప్పయ్య దాన్ని ఊఁ కింద జమకట్టుకుని ఎగిరిపోయాడు.

టవరు కింద గురప్ప లేడు. కాపలా గోరింక ఒక్కటే ఉంది. బొరియ ముందు ఇసక చదును చేసి, దానిమీద ఏదో పేర్చి ఉంది. చిన్న పుల్ల గుచ్చి ఉంది, అది టవరు. తుమ్మముల్లు గుచ్చి ఉంది, అది సుంకన్న చెట్టు. కాలితో గీసిన గీత కాలువగట్టు. మొత్తం బీడే, చాపంత చిన్నది చేసి పరిచినట్టుంది. దాని నిండా వేరుశనక్కాయ తొక్కలు.

"ఇవన్నీ నీవే తిప్పయ్యా," అంది గోరింక గర్వంగా. "నువ్వు కూసిన ప్రతి కూతకూ మామ ఒక తొక్క పెట్టినాడు."

తిప్పయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత శ్రద్ధగా తనను దాచుకున్నవాడు లోకంలో ఇంకొకడు ఉంటాడా అనుకున్నాడు. చుట్టూ తిరిగి ఒక్కో తొక్కనూ గుర్తుపట్టాడు. "ఇది కొవ్విన వానపాము. ఇది ఒంటికాలి కూత. ఇది మబ్బు పట్టినప్పటిది. ఇది..." మద్దమ్మ పిల్లవాడి చెవి దగ్గర మాత్రం గబుక్కున దాటేశాడు. "అదేందమ్మా, నట్టనడుమ అంత జాగా బోసిగా వదిలేసినాడు?"

"ఆడ నువ్వు ఎప్పుడూ కూయలేదు గదా," అంది గోరింక. దానికి నిజంగానే ఏమీ తెలియదు. "ఆడికొచ్చినప్పుడల్లా గమ్మున చుట్టు తిరిగి పోతావు. మామ ఈమధ్య మిగతా తొక్కల్ని చూడనే చూడడు. ఆ బోసి జాగానే చూస్తా కూర్చుంటాడు."

ఆ బోసి జాగా నడుమ ఒక విరిగిన గులకరాయి నిలబెట్టి ఉంది. అది హద్దురాయి.

రోజూ ఆకాశాన్ని మోసే తిప్పయ్య కాళ్ళు ఆ క్షణాన తన ఒళ్ళు మోయలేకపోయాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి చూసి అతను ఎన్నోసార్లు నవ్వాడు. తానేమో ఒళ్ళంతా తడిమి ఊరికి చూపించి, భుజం ఒక్కటి వదిలేసి దొరికిపోయాడు.

"మామ యాడ?" అన్నాడు, చుట్టూ చూసి.

"ఇప్పుడే వస్తా, వాణ్ణి మాటల్లో పెట్టు అని అటు పోయినాడు," అని గోరింక ముక్కుతో చూపించింది. ఆ ముక్కు హద్దురాయి వైపే ఉంది.

ఎగురుతూ తిప్పయ్య తన బతుకులో మొదటిసారి కూయకుండా ఆలోచించాడు. దూరంగా పోయి ఎప్పట్లా కూస్తే? ఇంకో తొక్క అనుకుని గురప్ప తలైనా తిప్పడు. కూయకపోతే? నిశ్శబ్దంగా ఉన్న చోటునే గదా నక్క వెతుకుతున్నది, అడుగు అడుగూ చూసుకుంటూ గుడ్ల దాకా వచ్చేస్తాడు. ఇన్నాళ్ళూ తాను చేసినవి ఈ రెండే. రెండూ గురప్పకు కంఠతా వచ్చు. ఇక తాను ఎన్నడూ చేయనిది ఒక్కటే మిగిలింది. అది తలుచుకోగానే తిప్పయ్య రెక్కల వేగం పెంచాడు.

కింద గురప్ప హద్దురాయి దగ్గర ఒక్కో రాయీ దాటుకుంటూ వస్తున్నాడు. ఓబుళమ్మ అతన్ని చూసి, పద్ధతి ప్రకారం గుడ్లమీదనుంచి లేచి రాళ్ళ చాటుకు జరిగింది. గురప్ప ఒక్కసారి ముక్కు నేలకు ఆనించి ఉంటే పని అయిపోయేది. కానీ ఈమధ్య అతను ముక్కు వాడటం మానేశాడు. తొక్కలు చూసి చూసి, అవి చెప్పిందే వాసన అనుకునే దాకా వచ్చాడు.

తిప్పయ్య సరిగ్గా గుడ్ల పక్కన దిగాడు. బెత్తెడు దూరం. రెక్క ఈడ్చాడు. తాతముత్తాతలందరికీ మనసులో దండం పెట్టుకుని, గుడ్లమీద నిలబడినంత పనిచేసి, గొంతు చించుకుని కూశాడు.

రాళ్ళ చాటున ఓబుళమ్మకు ముందు పైప్రాణాలు పైనే పోయాయి. 'ఈ మనిషికి మతి పోయింది' అనుకుంది. ఆ తర్వాత మొగుడి కళ్ళు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అతని మాట ఆమె ఎన్నడూ పెద్దగా విన్నది లేదు, ఈసారి అతను చెప్పకుండానే అర్థం చేసుకుంది. ఒక్క చప్పుడు చేయకుండా, నక్క కంటికి ఆనేట్టుగానే, వంగి వంగి తుమ్మచెట్టు వైపు నడిచింది. అక్కడ సుంకన్న తోక నేలమీద పరుచుకుని కునుకు తీస్తున్నాడు. అతని వెనక్కి పోయి, ఈకలు పొంగించి, కింద గుడ్లను సర్దుకుంటున్నట్టు అటూ ఇటూ కదిలి, గమ్మున కూర్చుంది.

గురప్ప తిప్పయ్యను చూసి పళ్ళికిలించాడు. "అల్లుడూ, ఎన్ని కూతలు విన్నాను నీవి! నువ్వు కూసేచోట ఏమీ ఉండదని నాకు తెల్దా? సన్మానం కూడా వదులుకుని వచ్చి కూస్తాండావంటే ఈడ అసలే లేవు."

"ఈడే ఉండాయి మామా!" అని అరిచాడు తిప్పయ్య. పచ్చినిజం. "ఈడికి రావద్దు, నీకు పుణ్యముంటాది!"

"అట్లనా?" అని నవ్వుకుంటూ గురప్ప ముందుకు అడుగేశాడు. ఆ అడుగుకూ మొదటి గుడ్డుకూ మధ్య వేలెడు జాగా. అతని తోక రెండో గుడ్డును దులిపినట్టు రాసుకుపోయింది. తిప్పయ్య కూత ఆపలేదు. ఆపితే అయిపోయినట్టే.

అప్పుడు గురప్ప చూపు చెట్టు కిందికి పోయింది. ఓబుళమ్మ కూర్చుని ఉంది. కూయడం లేదు. ఇన్నాళ్ళుగా తాను వెతుకుతున్న నిశ్శబ్దం అదే. 'నా లెక్క నాలుగు అడుగులు అటు ఇటు అయినట్టుంది, తప్పు కాలేదు' అనుకుని, నేలకు పొట్ట ఆనించి, కళ్ళు ఓబుళమ్మ మీదినుంచి తీయకుండా పాక్కుంటూ పోయాడు. కింద ఏమున్నదీ చూడలేదు.

నక్క తోక తొక్కి వచ్చినవాడికి అదృష్టం కలిసొస్తుందంటారు. ఎద్దు తోక తొక్కిన నక్కకు ఏమొస్తుందో సామెతల్లో లేదు గానీ, ఆ బీడులో మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. సుంకన్నకు నిద్రలో బండివాడు గుర్తొచ్చాడు. పూర్తిగా లేవకముందే వెనక్కాలు లేచింది. గురప్ప గాల్లో ఒక మెలిక తిరిగి, రాళ్ళలో పడి, రెండు పళ్ళు వెతుక్కున్నాడు.

"మోసం!" అని ఏడ్చాడు. "నమ్మకద్రోహం! ఇన్నాళ్ళూ నీ కూతను నేను నమ్మితే, నాకే దొంగకూత కూస్తావా?"

"ఏమని నమ్మినావు గురప్పా?" అన్నాడు సుంకన్న, కళ్ళు నులుముకున్నట్టు తల విదిలించి.

"వాడు కూసేచోట గుడ్లు ఉండవని! కూయనిచోటే ఉంటాయని! ఒక్కో తొక్క పేర్చుకుని, తినే రోజుకోసం..." అంతదాకా వచ్చి గురప్ప నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. తుమ్మకొమ్మ మీది గోరింక అలవాటు కొద్దీ ఆ మాటను పక్క పొదకు అందించింది. పక్క పొద పక్క రాతికి అందించింది. రోజూ అయితే బొరియ దగ్గర ఆగేది. ఆ రోజు బొరియలో వినేవాళ్ళు ఎవరూ లేరు, ఆగకుండా బీడు కొసదాకా పోయింది. కాలువగట్టున మద్దమ్మ కూడా వింది. పొద్దుగూకకముందే గురప్ప కుంటుకుంటూ గుట్ట దాటిపోయాడు. శెభాష్ అన్నవాళ్ళు లేరు.

తర్వాత తుమ్మచెట్టు కింద పెద్ద వాదన జరిగింది. గోరింకల్ని తరిమేయాలన్నారు కొందరు. అవి లేకపోతే ఊసుపోదన్నారు కొందరు.

"తరమొద్దు," అంది మద్దమ్మ. "వాటి రెక్కలు మంచివే. గద్ద మాట ముందు పోవాల, అంతే. రోజూ కూసేటోడు చెప్పినా, ఏడాదికొకసారి కూసేటోళ్ళు చెప్పినా."

"ఇంకొకటి," అన్నాడు సుంకన్న. "కూత మధ్యలో యాడా ఆగకూడదు. ఎవురన్నా వినాలంటే, ఎవురు వింటారో, విని ఏం జేసుకుంటారో రెండు ముక్కల్లో చెప్పాల. మూడో ముక్క వచ్చిందంటే నేను ఊఁ అనను. నెమరు వేస్తే అది ఊఁ కాదు."

తిప్పయ్య ఆ వాదనలో మాట్లాడలేదు. అభిప్రాయాలు లేక కాదు. మరునాడు నడుచుకుంటూ మద్దమ్మ ఇంటికి పోయాడు, నోట్లో ఒక కొవ్విన వానపాముతో.

"నేను తినను గదా తిప్పయ్యా ఇది," అంది మద్దమ్మ.

"తెలుసమ్మా. పిల్లోడి చెవికి బదులు ఏం తేవాల్నో తెలీక తెచ్చినా. తప్పు నాది." చెవి తెగిన పిల్లవాడు ఆ వానపామును కాలితో కదిపి నవ్వాడు. తిప్పయ్య అక్కడ కాసేపు కూర్చుని వచ్చేశాడు. ఆ సంగతి బీడులో ఇంకెవరికీ తెలియదు.

కొద్దిరోజులకే గుడ్లు పగిలాయి. నాలుగూ. తిప్పయ్య గొంతులో నాలుగు కూతలు ఒకేసారి ఎగదన్నాయి. హద్దురాయి పైన గోరింక వాలి ఆశగా చూసింది. "ఎంతమంది తిప్పయ్యా? యాడుండారు? చెప్పు, అందరూ శెభాష్ అంటారు."

తిప్పయ్య నోరు తెరిచాడు. ఓబుళమ్మ వైపు చూశాడు. మూశాడు. కానీ మూసుకున్నా దొరికిపోతామన్నది ఇప్పుడు అతనికి బాగా తెలుసు. కాబట్టి లేచి కాలువగట్టుకు పోయి కూశాడు. గుట్టకు పోయి కూశాడు. టవరు దగ్గర, తుమ్మచెట్టు దగ్గర, పిల్లల పక్కన, పిల్లలు లేనిచోట, ఒకేలా, ఒకే గొంతుతో, ఏ చోటూ వదలకుండా కూశాడు.

"ఏమైందప్పా?" అని అందరూ తలలెత్తారు.

"ఏమీ లేదు," అన్నాడు తిప్పయ్య. "ఊరికే."

అప్పటినుంచే తీతువులు వేళాపాళా లేకుండా, చోటు చూడకుండా కూస్తుంటాయి. మనం అదేదో అపశకునమని ఇంట్లోకి పోయి తలుపేసుకుంటాం. తిప్పయ్య మాత్రం ఇంకా కాళ్ళు పైకెత్తే పడుకుంటున్నాడు. "చూసినావా మే, పడలేదు," అంటాడు తెల్లారి. "చూసినాలే," అంటుంది ఓబుళమ్మ, "ఆ సంగతి ఇంకెవురికీ చెప్పొద్దు."

నీతి: నువ్వు చెప్పిన మాటే కాదు, చెప్పకుండా దాటేసిన చోటు కూడా నీ గుట్టు విప్పుతుంది.